వారానికి ఒక్క ప్యాకెట్

డ్రైవింగ్ స్కూలు మేడం ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించిన నాడు ఇంట్లో ఎవరూ కిక్కురుమనలేదు. ఎర్ర స్కెచ్ పెన్నుతో, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రోడ్డు గుర్తులు రాసి చూపించేంత పెద్ద అక్షరాలతో ఆ కాగితం మీద ఇలా ఉంది: "ఈ ఇంట్లో నా జబ్బు గురించి సలహాలు నిషేధం. కాదని సలహా ఇచ్చినవాళ్ళు ఇకమీదట ఎక్కడికెళ్ళాలన్నా బస్సెక్కండి."

బెదిరింపు చిన్నదేం కాదు. ఆ కుటుంబం మొత్తంలో కారు నడపడం వచ్చింది ఆవిడొక్కదానికే. భర్తకి నేర్పబోయి మూడో రోజుకే దండం పెట్టేసింది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడు. రెండు కార్ల మధ్య నుంచి పోవాలంటే, ఒకసారి దిగి టేపుతో కొలుద్దామంటాడు.

జబ్బు సంగతికొస్తే, రెండేళ్ళ కిందట ముందుగా ఎడమ కన్ను మసకేసింది. ఇదంతా తన శాఖే అనుకుని భర్త నాలుగు రకాల అద్దాలు బిగించి చూశాడు. కన్ను తేరుకునేలోగా కుడి కాలు మొద్దుబారింది. స్కానింగులన్నీ అయ్యాక నరాల డాక్టరమ్మ, దీన్ని మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటారని చెప్పింది. బయటి రోగాల మీద పోరాడాల్సిన ఒంట్లో కణాలే దారి తప్పి, సొంత నరాల మీది తొడుగుని కొరికేస్తాయట. దానికి మందు వేరే ఉంది, నెలకోసారి సూది. రక్తంలో డి విటమిన్ కూడా బాగా తక్కువుంది కాబట్టి వారానికొక పొడి ప్యాకెట్ ఆదివారం పాలల్లో కలుపుకుని తాగమంది.

"ఈ విటమిన్ ఆ కణాల్ని కొంత అదుపులో పెడుతుందంటారు. ఇది తక్కువున్నవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తుంది, అదీ నిజమే. కానీ ఎక్కువ వేసుకుంటే జబ్బు ఎక్కువ తగ్గుతుందని ఇంతవరకూ గట్టిగా తేలలేదు. లోటుంది, పూడ్చుకుందాం. అంతే," అంది.

అక్కడున్న అందరికీ మొదటి రెండు వాక్యాలూ కంఠతా వచ్చేశాయి. ఆ 'అంతే' మాత్రం ఎవరి చెవినా పడలేదు.

భర్త అక్కగారిని, అంటే మేడంకి వదినగారిని, ఇంట్లో అందరూ చాటుగా యూనివర్సిటీ అంటారు. రెండు వీధుల అవతల ఇల్లు. ఆవిడ కాలేజీకి వెళ్ళి చదివింది ఎంబ్రాయిడరీ డిప్లమా. ఫోనులో వీడియోలు చూసి సంపాదించిన పట్టాలకి మాత్రం లెక్కలేదు. "అమ్మాయ్, నీకు ఇమ్యూనిటీ తక్కువ. పెంచాలి," అనేది గడప దాటకుండానే.

"తక్కువై కాదు వదినా, దానికి పొగరెక్కువై. నన్నే కొడుతోంది," అని మేడం చెప్పి చూసింది.

"ఆ, అదే నేనూ అనేది. బలం చాలక అట్లా చికాకు పడుతోంది. బలం పెంచితే దానికే బుద్ధొస్తుంది," అని వదినగారు తేల్చేసింది.

అత్తగారిది ఎండ పిచ్చి. పొద్దున్నే బాల్కనీలో కుర్చీ, పదింటికి వంటింటి కిటికీ దగ్గర కుర్చీ, మూడింటికి మెట్ల మీద కుర్చీ. సూర్యుడెటు పోతే కోడలి కుర్చీ అటు పోయేది. వేడి తగిలితే కాళ్ళు ఇంకా వేలాడిపోతాయని మేడం మొత్తుకున్నా, "మొదట్లో అట్లాగే ఉంటుందమ్మా, ఓర్చుకోవాలి," అనేది ఆవిడ. సూర్యుడితో ముందే మాట్లాడుకుని వచ్చినంత ధీమా.

ఇంట్లో పోరు ఇంట్లో ఉంటే సరే, రోడ్డు మీద కూడా తప్పలేదు. ఎర్ర లైటు పడితే చాలు, స్టీరింగ్ పట్టుకున్నవాడు పక్కకి తిరిగి, "మేడం, మా పిన్నికి కూడా ఇలాగే నరాలు..." అని అందుకునేవాడు. పచ్చ లైటు పడి వెనకవాళ్ళు హారన్లతో చెవులు దిమ్మెక్కిస్తున్నా పిన్ని వైద్యం పూర్తయ్యేది కాదు. అలాంటి ఒక పిన్నిని భరించి ఇంటికొచ్చిన సాయంత్రమే మేడం ఆ కాగితం రాసింది.

దాని ప్రభావం చూసి ఆవిడే ఆశ్చర్యపోయింది. మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు, గ్రంథాలయంలా ఉంది. అత్తగారు కుర్చీలు జరపడం మానేసింది. యూనివర్సిటీకి ఆ పూట నుంచే సెలవులు. అంతేనా, ముగ్గురికీ ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. దుకాణానికి ఆలస్యంగా వెళ్ళే మంగళ, శుక్రవారాల్లో భర్త తనే కాఫీ కలిపి మంచం దగ్గరకి తెచ్చేవాడు. కాఫీ కాస్త కొత్త రుచిగా ఉండేది. మగవాడి చేతి కాఫీ అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకుంది. వదినగారు సోమ, గురువారాల్లో బత్తాయి రసం తీసుకొచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయేది. శనివారం సాయంత్రం అత్తగారు గ్లాసు పాలు ఇచ్చి కొంగుతో మూతి కూడా తుడవబోయేది. పదేళ్ళ కాపురంలో తనకింత మర్యాద ఎన్నడూ జరగలేదని మేడం మురిసిపోయింది. నోళ్ళు మూయించడం ఇంత తేలికని తెలిస్తే పెళ్ళయిన ఏడాదే అంటించేదాన్ని కదా అనుకుంది.

ఇక్కడ మేడం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆవిడ ఆదివారం ప్యాకెట్టు ఆదివారం వేసుకునేది. బుధవారం ఇంకోటి వేసుకునేది. మధ్యాహ్నం పాఠాల మధ్య దొరికే పావుగంటలో, చెట్టు నీడన కారాపుకుని, సీసాలో నీళ్ళల్లో పొడి కలిపి, అద్దంలో అటూ ఇటూ చూసి గటగటా తాగేసేది. ఎవరో పెద్ద పరిశోధన చేశారని, ఎక్కువ మోతాదు వేసుకున్నవాళ్ళ స్కానింగుల్లో కొత్త మచ్చలు తక్కువున్నాయని ఎక్కడో చదివింది. దాని కిందే, వేరే పరిశోధనలో అలాంటి తేడా ఏమీ కనిపించలేదని కూడా ఉంది. ఆ పేరా ఆవిడ తొందరగా చదివేసింది. ఇది సలహా కిందికి రాదు, ఎవరూ చెప్పలేదు కదా అని తనకి తనే తీర్పు కూడా ఇచ్చుకుంది. వీధి మలుపులో మందుల షాపతను ఒకే ఇంటివాళ్ళు నలుగురికి విడివిడిగా అవే ప్యాకెట్లు అమ్ముతూ, ఇంటిల్లిపాదికీ ఎముకలు గట్టిపడుతున్నాయని సంతోషించాడు.

ఇలా ఐదు నెలలు గడిచాయి.

ముందు దాహం మొదలైంది. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక పీక్కుపోయేది. పాఠం మధ్యలో రెండుసార్లు బాత్రూమ్ కోసం పెట్రోలు బంకు దగ్గర ఆపించాల్సి వచ్చేది. అన్నం సహించదు, కడుపు కదలదు. కాళ్ళు తనవి కానట్టు బరువు. అన్నిటికంటే ఘోరం, మాటలు తారుమారు కావడం. గేరంటే బ్రేకనేది, నిన్నంటే రేపనేది. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని మేడంకి అర్థమైపోయింది. అర్థమైనా పైకి అనలేదు. ఎవరికైనా చెబితే సలహా ఇస్తారని కాదు. తొమ్మిది రోజుల్లో ఫారం ఇవ్వాల్సి ఉంది.

ఈ జబ్బున్న మనిషి డ్రైవింగ్ నేర్పాలంటే, గడిచిన పన్నెండు నెలల్లో జబ్బు తిరగబెట్టలేదని ఏటా డాక్టరు సంతకంతో లైసెన్సు ఆఫీసులో ఫారం ఇవ్వాలి. తిరగబెడితే ఏడాది పాటు ఆ పక్క సీట్లో కూర్చోనివ్వరు. ఆవిడకి ఆ పక్క సీటంటే ప్రాణం. మొదటి రోజు స్టీరింగ్ మీద చెమటతో జారిపోయిన చేతులు నెల తిరిగేసరికి మాట్లాడుకుంటూ మలుపు తిప్పడం చూడటం కంటే సుఖం ఆవిడకి ఇంకోటి తెలియదు. ఆ ఏడాది ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళలో యాభై ఐదేళ్ళ లెక్కల టీచరమ్మ ఒకరు. ముప్ఫై ఏళ్ళు భయపడి, ఇప్పుడు రిటైరవబోతూ వచ్చింది. మొదటిసారి వెనక్కి పెట్టి సరిగ్గా పార్కు చేసిన రోజున కారు దిగి రోడ్డు మీద చప్పట్లు కొట్టుకుంది.

ఆ టీచరమ్మతోనే ముప్పు ముంచుకొచ్చింది. డ్రైవింగ్ స్కూలు గేటు ముందు "కుడికి" అనబోయి మేడం "ఎడమకి" అంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కాబట్టి టీచరమ్మ ఎడమకి తిప్పింది. మేడం తన వైపు బ్రేకు తొక్కడానికి కాలు కదిపింది, కాలు తీరిగ్గా కదిలింది. కారు నేరుగా వెళ్ళి 'మా దగ్గర నేర్చుకోండి, క్షేమంగా నడపండి' అన్న స్కూలు బోర్డుని గుద్ది నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ స్కూలు యజమాని సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు.

"మేడం, ఓ పని చేద్దాం. మీరు లోపల కూర్చుని ఫోన్లెత్తండి. ఫారం వచ్చాక చూద్దాం," అన్నాడాయన. మంచివాడే, గొంతు కూడా పెంచలేదు. ఆ రోజంతా మేడం ఫోన్లెత్తింది. ఒకరికి పొద్దున ఏడింటికి రమ్మనబోయి సాయంత్రం ఏడింటికి రమ్మంది.

మర్నాడు ఆసుపత్రికి మొత్తం బలగం కదిలింది. వద్దన్నా వినలేదు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద తట్టింది, కళ్ళల్లో లైటు వేసింది, గీత మీద నడిపించింది. "ఇది నాకు జబ్బు తిరగబెట్టినట్టు అనిపించట్లేదు," అని రక్తం తీయించి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది. ఆ మూడు గంటలూ ముగ్గురూ మేడంకి ఎదురుగా ఒకే బెంచీ మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. కాగితం అమలులోనే ఉంది మరి.

మళ్ళీ పిలిచేసరికి డాక్టరమ్మ ముందు రిపోర్టుంది.

"కాల్షియం చాలా ఎక్కువుంది. డి విటమిన్ అంకె చూసి మిషను పాడైందేమోనని ల్యాబువాళ్ళు రెండోసారి పెట్టి చూశారట. వారానికి ఎన్ని ప్యాకెట్లు వేసుకుంటున్నారు?"

"ఒకటే," అంది మేడం.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. అబద్ధం ఆడానని తెలిసేసరికి మాట బయటికొచ్చి కూర్చుంది.

"ఒకదానికి ఇంత రాదే!" అంది డాక్టరమ్మ.

భర్త గొంతు సవరించుకున్నాడు. "నేను కూడా... మంగళవారం, శుక్రవారం. కాఫీలో," అన్నాడు బల్లకి చెబుతున్నట్టు.

"నువ్వా?" అంది అత్తగారు. "మరి శనివారం నేను పాలల్లో కలుపుతున్నానే!"

"అయ్యయ్యో!" వదినగారు నెత్తిన చేతులు పెట్టుకుంది. "మీరిద్దరూ కలిసి నా లెక్కంతా చెడగొట్టారు కదరా! సోమవారం, గురువారం రసంలో ఇచ్చి, అమ్మాయి ఎన్ని మెట్లెక్కిందో డైరీలో రాసుకుంటున్నాను. ఇప్పుడు ఏది నా వల్ల, ఏది మీ వల్ల అని ఎలా తెలిసేది?"

"నేనే ముందు మొదలెట్టాను," అంది అత్తగారు.

"ఎప్పుడే అమ్మా?" అంది వదినగారు. "కాగితం అంటించిన వారమే నేను మొదలెట్టాను."

"నేను ఆ సాయంత్రమే షాపుకెళ్ళాను."

డాక్టరమ్మ వాళ్ళ పోటీ తేలేదాకా ఆగలేదు. మందుల చీటీ వెనక వారాలన్నీ వరసగా రాసి, ఒక్కొక్కరి పేరు మీదా టిక్కు పెట్టింది. "సోమ, గురు మీరు. మంగళ, శుక్ర మీరు. శనివారం పెద్దావిడ. ఆదివారం నేను రాసిచ్చింది. చూశారా, ఒక్క బుధవారమే ఖాళీ. అదెలా వదిలేశారో!"

మేడం ఆ చీటీ వైపు చూడలేదు. అగ్గిమీద గుగ్గిలమై ముగ్గురి వైపూ తిరిగింది. "చెప్పానా, లేదా? ఫ్రిజ్ మీద రాసి అంటించానా, లేదా?"

"సలహాలు వద్దన్నావు," అన్నాడు భర్త నెమ్మదిగా. "ఇవ్వలేదు కదా. ఈ ఐదు నెలల్లో ఒక్కటి ఇచ్చామేమో చెప్పు."

నిజమే మరి. ఇవ్వలేదు. అది నిజం కావడంతో ఆవిడ కోపం రెట్టింపైంది. "నా కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది. అది ఉందని నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజే చెబుతాను. చెప్పకుండా తొక్కితే బండి ఎందుకాగిందో వాళ్ళకి తెలీదు, వాళ్ళకి నడపడం ఎప్పటికీ రాదు. మీరు ముగ్గురూ నాకు తెలీకుండా తొక్కారు. నా కాళ్ళు పోయాయనుకున్నాను. నా మతి పోయిందనుకున్నాను. ఆ టీచరమ్మని చంపేసేదాన్ని!"

ముగ్గురూ తలలు దించుకున్నారు.

"ఇంకో నెల ఇలాగే సాగితే కిడ్నీలు దెబ్బతినేవి," అంది డాక్టరమ్మ. "ఇప్పుడేం పర్వాలేదు. మూడు రోజులు ఇక్కడే ఉంచి సెలైన్ ఎక్కిద్దాం. ప్యాకెట్లన్నీ బంద్, నేను రాసింది కూడా. నెమ్మదిగా దిగుతుంది. జబ్బు తిరగబెట్టలేదు కాబట్టి మీ ఫారం మీద సంతకం పెట్టేస్తాను. మీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఆ మాట వినేసరికి మేడం ఒళ్ళంతా తేలికైపోయింది. ఫారం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ వరసగా నింపుకుంటూ పోయింది. చూపు, సరే. కాళ్ళ పట్టు, కోలుకుంటుంది. జబ్బు తిరగబెట్టిందా, లేదు. ఆరో ప్రశ్న దగ్గర పైకి చదివింది. "మందులు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడుతున్నారా? దీనికి అవునని రాస్తాను. మీకు తెలియకుండా వాళ్ళు కలిపితే మీరేం చేస్తారు."

అప్పుడు అత్తగారు లేచి నిలబడింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "రాయండమ్మా, నిక్షేపంగా రాయండి. మా కోడలు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. తప్పంతా మాది. చదువూ సంధ్యా లేనిదాన్ని, ఏదో మంచి జరుగుతుందని..." అని కోడలి వైపు తిరిగింది. "ఇంకెప్పుడూ నీ గ్లాసు నేను ముట్టుకోనమ్మా. వంటింట్లోకి కూడా నువ్వు పిలిస్తేనే వస్తాను."

డాక్టరమ్మ పెన్ను కాగితం మీదికి దిగుతోంది. ఊరుకుంటే సరిపోతుంది. సోమవారానికి పక్క సీటు, పక్కన టీచరమ్మ, కొత్తగా రంగేసిన బోర్డు. వీళ్ళు ముగ్గురూ జన్మంతా తల దించుకుని తిరుగుతారు, తనే గెలుస్తుంది. అలా గెలవాలని మేడంకి ఎంతుందో చెప్పలేం. కానీ వంటింటి గుమ్మం బయట పిలుపు కోసం నిలబడ్డ అత్తగారు కళ్ళ ముందు కనబడింది.

"బుధవారం నాది," అంది మేడం.

పెన్ను ఆగింది.

"కారులో వేసుకునేదాన్ని. మీరు రాసింది కాక. మీరడిగినప్పుడు ఒకటే అని అబద్ధం చెప్పాను."

"నన్ను పట్టుకుని అన్నేసి మాటలన్నావు కదే అమ్మాయ్!" అని వదినగారు అందుకోబోతే, భర్త అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఎందుకు? తేలలేదని చెప్పాను కదా," అంది డాక్టరమ్మ. కోపం లేదు, అడిగింది నిజంగా తెలుసుకోవడానికే.

"అదేనండీ. అది తేలేదాకా నా కాళ్ళు ఆగుతాయో లేదోనని."

డాక్టరమ్మ ఆరో ప్రశ్నకి 'లేదు' అని రాసింది. కింద నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి, ఫారం తిప్పి చూపించింది. జబ్బు తిరగబెట్టలేదు. మూడు నెలల పాటు నెలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. మూడూ సరిగ్గా వస్తే అప్పుడు పక్క సీటు. అందాకా ఫోన్లే. "అవునని రాయలేను," అంది. మేడం తలూపింది. టీచరమ్మ డ్రైవింగ్ పరీక్ష వచ్చే నెలలోనే. ఆవిడని పరీక్షకి తీసుకెళ్ళేది ఇంకెవరో.

సాయంత్రానికి వార్డులో మంచమిచ్చారు, చేతికి సెలైన్ పెట్టారు. భర్త బిల్లింగు కిటికీ దగ్గర లైన్లో ఉన్నాడు. వదినగారు ఇంటి నుంచి బట్టలు తేవడానికి బస్సెక్కి వెళ్ళింది. అత్తగారు మంచం పక్కన నిలబడి, స్టూలున్నా కూర్చోకుండా, సీసాలోంచి ఒక్కో చుక్కా పడటం చూస్తోంది.

"నువ్వు చదువుకున్నదానివి," అంది చివరికి. "మాకు బుద్ధి చెప్పేదానివి. నువ్వెందుకమ్మా వేసుకున్నావు?"

"భయమేసి, అత్తయ్యా."

అత్తగారు సీసా మీంచి చూపు దించి కోడలి కాళ్ళ వైపు చూసింది.

"మరి మాకు వెయ్యదా?" అంది.

మేడం కాళ్ళు రెండూ నెమ్మదిగా పక్కకి జరుపుకుని, ఆవిడ కూర్చోవడానికి చోటిచ్చింది.